మౌనాన్ని ఏకగ్రీవంగా రాయకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పార్టీల మండల కమిటీలైనా, సాగునీటిపై అఖిలపక్షమైనా, మన జిల్లా పేజీలో వార్త చాలావరకు "ఏకగ్రీవంగా తీర్మానించారు" అనే ముగుస్తుంది. నేను సభ్యుడిగా ఉన్న ఒక రాజకీయ సంస్థ కర్నూలు సమావేశాల్లో ఆ ఏకగ్రీవం ఎలా తయారవుతుందో చూస్తున్నాను. తీర్మానం ముందే రాసి ఉంటుంది. అధ్యక్షులు దాన్ని భోజనాల వేళకు చదివి "అభ్యంతరాలేమీ లేవు కదా" అంటారు. కుర్చీలు జరిపే చప్పుడులోనే ఎవరో చప్పట్లు మొదలుపెడతారు. మినిట్స్ పుస్తకం సంతకాలకు చేతులు మారుతుంది. హంద్రీ-నీవా నీళ్లు ముందు చెరువులకా, పిల్లకాలువలకా అన్న విషయంలో పత్తికొండ వైపు సభ్యుల అభ్యంతరం బయట టీ బంకు దగ్గర వినిపిస్తుంది గానీ, ఆ పుస్తకంలో ఒక్క వాక్యంగానైనా ఉండదు.

అలాగని ప్రతిదానికీ ఓటింగు పెట్టమనను. జీతాలూ శిక్షలూ లేని సంస్థలో ఓడిపోయిన సగంమంది ఊళ్లకు వెళ్లి ఆ తీర్మానం కోసం తిరగరు. ఒప్పించడం తప్పదు, కాకపోతే ఒప్పించడమంటే అనుమానాలను కాగితం మీదికి ఎక్కించడం. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో సీమ నాయకుల భయాలే షరతులయ్యాయి: అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, నదీజలాల్లో పదేళ్లపాటు ప్రాధాన్యం, రాజధాని, హైకోర్టుల్లో ఒకదాన్ని కోరుకునే హక్కు. అమలు సంగతి వేరే కథ. కానీ 1953లో కర్నూలుకు రాజధాని అడగడానికి ఆధారమైంది ఆ రాతే.

కాబట్టి "నచ్చలేదు గానీ అడ్డురాను" అన్న సభ్యుణ్ణి, "ఇది సంస్థ ఆశయాలకే విరుద్ధం, ఆపండి" అన్న సభ్యుణ్ణి వేరువేరుగా, కారణాలతో సహా నమోదు చేయాలి. రెండో రకం అభ్యంతరం వస్తే తీర్మానాన్ని తర్వాతి సమావేశానికి వాయిదా వేసి, అప్పటికీ తెగకపోతే మూడింట రెండు వంతుల మెజారిటీతో తేల్చాలి. లేకపోతే ఒక్క మొండిమనిషి చేతిలో సంస్థంతా బందీ అవుతుంది. ఓటు నిబంధన ఉంటే ఏకాభిప్రాయం చెడుతుందన్న భయం అక్కర్లేదు. జీఎస్టీ కౌన్సిల్‌లో నాలుగింట మూడు వంతుల ఓటు నిబంధన మొదటినుంచీ ఉన్నా, తొలిసారి ఓటింగు జరిగింది 2019 డిసెంబరులో, లాటరీలపై పన్ను విషయంలోనే.

"ఏకగ్రీవం" అని ప్రకటన వచ్చినప్పుడు ఎందరు హాజరయ్యారో, ఎవరు తటస్థంగా ఉన్నారో మీ విలేకరులు కూడా అడిగి రాయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, కర్నూలు