నీ ఆకుల కట్ట ఆరబెట్టాను

బిడ్డా రమ్యా,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. మిరప నారు నాటడం అయిపోయింది. వాన తెరిపిచ్చిందని అటక మీది నీ ఆకుల కట్ట, నువ్వు చదువు కోసం అట్టల మీద అంటించుకున్న ఎండు మొక్కలది, దించి వరండాలో నీడపట్టున ఆరబెట్టాను. ఎండ తగిలితే రంగు పోతుందని నువ్వే చెప్పావు కదా. కలరా ఉండలు కొత్తవి వేశాను. తంగేడు అట్ట మీద శాస్త్రీయ నామం మారిందని కాసియా అని ఉన్నది కొట్టేసి సెన్నా అని రాసుకున్నావు, ఆ గీత ఇంకా అట్లనే ఉంది.

ఫోన్ ఎత్తక ఇరవై రోజులైంది. నెట్ పరీక్షకు చదువుతున్నావేమో అనుకున్నాం. మొన్న నర్సంపేట బస్టాండ్‌లో సదయ్య మామ కలిసి, నువ్వు అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌లో చేరావట అన్నాడు. నిజమా అని అడగడానికి రాయడం లేదు. ఊరికే రాస్తున్నాను. అన్నం టైముకు తింటున్నావా?

మన చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు వచ్చింది కదా. దానికి అంత ఎరుపు ఎందుకు, కారం ఎందుకు తక్కువ అని మొన్న చేను గట్టు మీద ఒకాయన అడిగితే నాకు చెప్పరాలేదు. నువ్వుంటే చెప్పేదానివి.

మిరప అంటే 2022 సంక్రాంతే యాదికొస్తుంది. పూత రాలుతోంది, ఆకులు ముడుచుకున్నాయి. షాపులో ఏ మందిస్తే అది ఆరుసార్లు కొట్టాను. నువ్వు సెలవులకు వచ్చి, పొద్దున్నే చేనులో తెల్ల కాగితం పట్టుకుని దాని మీద ఒక పువ్వును వేలితో తట్టావు. నల్లటి నలుసులు పదో పన్నెండో కాగితం మీద పాకాయి. "బాపూ, తామర పురుగు పువ్వు లోపల ఉంది. ఇట్ల కొడుతూ పోతే దాన్ని తినే పురుగులే ముందు చస్తాయి" అన్నావు. నేను వినలేదు, ఏడోసారి కూడా కొట్టాను. పంట పోయింది, మందుల అప్పు మిగిలింది. ఆ కోపంలో అన్నం దగ్గర "ఆకులు, పూలు చదివితే కూడు పెడతాయా" అన్నాను. నువ్వు చెయ్యి కడుక్కుని లేచిపోయావు. ఆ మాట పట్టుకునే కోచింగ్‌లో చేరావా బిడ్డా? అది తప్పు మాట. పువ్వును చూసింది నువ్వు, నేను కాదు.

గ్రూప్స్ రాయొద్దని కాదు. కానీ నెట్‌లో జేఆర్‌ఎఫ్, అదే పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్, వస్తే నెలకు 37,000 ఇస్తారని నువ్వే చెప్పావు. దేశంలోని మొక్కలను పరిశీలించే, 1890లో పెట్టిన బొటానికల్ సర్వేకు హైదరాబాద్‌లోనే ఆఫీసు ఉందని చూపించావు. నెట్ ఒకసారి రాకపోతే మళ్ళీ రాయి, ఏడాదికి రెండుసార్లు పెడతారు. ఇంకో రెండేళ్ళు పట్టినా పట్టనీ, ఇంటి ఖర్చు నేను చూసుకుంటాను. ఇష్టం లేని పని ముప్పై ఏళ్ళు చెయ్యడం కష్టం. రాత్రి రెండింటిదాకా మేలుకుని కూర్చోకు, కళ్ళు పోతాయి. అడవికి పోతే బూట్లు వేసుకో, ఒక్కదానివే పోకు.

స్వరూపక్కతో సకినాలు, పచ్చడి పంపుతున్నాను. డబ్బా తిరిగి ఇవ్వు, మీ అమ్మ అడుగుతుంది.

కట్టలో ఒక అట్ట మీద చెమ్మకు పేరు చెరిగిపోయింది. తెల్ల కంకి, చివర కొంచెం గులాబీ. గునుగే అనుకుంటాను, కానీ నేను రాస్తే తప్పు పోతుందేమోనని అట్లనే ఉంచాను. బతుకమ్మకు వచ్చినప్పుడు నువ్వే రాయి. చెరువు కట్ట మీద ఈసారి బాగా పూసింది.

మీ బాపు