ఎలుక ముసలిదయ్యేదాకా ఆగే గ్రాంటు కావాలి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన శాస్త్ర పరిశోధనల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఆడవాళ్ల హార్మోన్లు వయసుతో ఎలా మారతాయన్నది నా సబ్జెక్టు. 30 ఏళ్లుగా ఇదే పని. వచ్చే ఏడాది రిటైరవుతున్నాను కాబట్టి ఈ ఉత్తరంతో నాకు ఒరిగేదేమీ లేదు. నా తర్వాత ఆ ల్యాబులో కూర్చునేవాళ్ల కోసం రాస్తున్నాను.

మా పని పొద్దున్నే మొదలవుతుంది. ఒక్కో ఆడ ఎలుక యోని నుంచి ఒక్క చుక్క ద్రవం తీసి, స్లైడు మీద పరిచి, మైక్రోస్కోపు కింద పెడతాం. గుండ్రటి కణాలున్నాయా, ఎండుటాకుల్లాంటి పొలుసు కణాలున్నాయా, చిన్నచిన్న తెల్ల రక్తకణాలున్నాయా అన్నదాన్ని బట్టి ఆ ఎలుక ఋతుచక్రంలో ఎక్కడుందో చెప్పొచ్చు. చక్రం 4, 5 రోజులే. ఏడాది వయసు దగ్గరపడేసరికి లెక్క తప్పుతుంది. ఆరు రోజులవుతుంది, ఎనిమిదవుతుంది, ఆ తర్వాత చాలా ఎలుకల్లో చక్రం నిలిచిపోయి రోజూ అవే పొలుసు కణాలు. ఏ ఎలుకకు ఏ రోజున మారుతుందో ముందే తెలీదు. అందుకని ఆదివారాలు లేవు, మా ఇంట్లో ప్రయాణాలన్నీ స్లైడ్లు చూశాకే.

అసలు చిక్కు ఇక్కడ. ముసలి ఎలుక కావాలంటే 18 నుంచి 24 నెలలు పెంచాలి. మీ గ్రాంటేమో మూడేళ్లు. అవి ముసలివయ్యేసరికే రెండేళ్లు అయిపోతాయి. మధ్యలో ప్రగతి నివేదిక అడుగుతారు. ఒకసారి ఉన్నమాటే రాశాను: ‘ఎలుకలు బాగున్నాయి. వయసు పెరుగుతోంది.’ రెండో విడత డబ్బు ఆగిపోయింది. 14 నెలలు సాకిన ఎలుకల్ని మధ్యలో వదులుకున్నాం.

వయసు సంగతి తొందరపడితే తేలదు. అమెరికాలో నయోమీ రాన్స్ అనే శాస్త్రవేత్త, చనిపోయిన స్త్రీల మెదళ్లను చూస్తూ, ముట్లుడిగినవాళ్ల హైపోథాలమస్ అనే మెదడు భాగంలో కొన్ని నాడీకణాలు ఉబ్బి ఉండటం గమనించారు. వాటిలో న్యూరోకైనిన్ బి అనే సంకేత పదార్థం తయారీ జోరందుకుందని 1991లో ప్రకటించారు. ముట్లుడిగాక ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను తగ్గి, దాని అదుపు పోయాక అవి రెచ్చిపోయాయన్నమాట. అది దేనికి పనికొస్తుందని అప్పుడు ఎవరైనా అడిగితే ఆమె ఏం చెప్పగలరు? ముట్లుడిగే వయసులో ఒంట్లోంచి సెగలు పుట్టించే వేడి ఆవిర్లకు మూలం అక్కడే ఉందని తర్వాత నెమ్మదిగా తేలింది. ఆ సంకేతాన్ని అడ్డుకునే ఫెజోలినెటంట్ మాత్రకు అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది. మధ్యలో 32 ఏళ్లు. మీ గ్రాంట్ల లెక్కలో పదికి పైగా ప్రపోజళ్లు, అన్ని నివేదికలు!

ఆ దేశంలోనే 1990ల నడుమ మొదలుపెట్టి, వేలమంది స్త్రీలను ఏళ్ల తరబడి వెంబడించిన మరో అధ్యయనం ఉంది. వేడి ఆవిర్లు తరచుగా వచ్చేవాళ్లలో సగం మందికి అవి 7.4 ఏళ్లకు మించి ఉంటాయని అందులో తేలింది. మూడేళ్ల ప్రాజెక్టుకు ఈ అంకె ఎన్నటికీ దొరకదు.

2002 గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. ముట్లుడిగిన 16,608 మంది స్త్రీలతో అమెరికాలో నడుస్తున్న హార్మోన్ మందుల ట్రయల్‌ను మధ్యలో ఆపేశారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లూ కలిపి వాడినవాళ్లలో, ఏడాదికి పదివేల మందికి 8 రొమ్ము క్యాన్సర్లు ఎక్కువగా వచ్చాయి. ఆ వార్తతో లక్షలమంది భయపడి మందులు పక్కన పడేశారు. కానీ ట్రయల్‌లో చేరినవాళ్ల సగటు వయసు 63. ముట్లుడిగిన పదేళ్లలోపు మొదలుపెట్టినవాళ్లకూ, బాగా ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లకూ గుండె విషయంలో ఫలితం ఒకేలా లేదని తర్వాతి విశ్లేషణల్లో కనిపించింది. ‘ఎప్పుడు మొదలుపెట్టాలి’ అన్న ప్రశ్నకు పడుచు ఎలుకలతో జవాబు దొరకదు. నేను ముసలి ఎలుకల కోసం దేబిరించేది అందుకే.

అడిగేవి పెద్ద కోరికలు కావు. వయసు మీద చేసే పనికి గ్రాంటు కనీసం ఏడేళ్లు ఇవ్వండి, మధ్యలో ఎన్ని తనిఖీలైనా చేసుకోండి. ముసలి ఎలుకల్ని ఒకచోట పెంచి అన్ని ల్యాబులకూ ఇచ్చే ఉమ్మడి కాలనీ పెట్టండి. అమెరికాలో వృద్ధాప్య పరిశోధన సంస్థ ఆ పని చేస్తోంది. ఇక మా మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు. ఏళ్లుగా దాచిన సీరం (రక్తంలోంచి వేరుచేసిన ద్రవం) శాంపిళ్లన్నీ అందులోనే ఉన్నాయి. దాని కరెంటు ఖర్చు నా గ్రాంటులోంచే పోతోంది, రికార్డుల్లో ఉన్నదీ నా పేరే. నేను వెళ్లిపోయాక అది ఎవరి పేరున ఉంటుందని రెండుసార్లు రాసి అడిగాను.

ప్రస్తుతం మా బోనుల్లో ఉన్న ఎలుకలకు 11 నెలలు. కొన్నిటికి చక్రం తప్పడం పోయిన వారమే మొదలైంది. గ్రాంటు ఇంకో నాలుగు నెలల్లో అయిపోతుంది. ఆలోపు మీ జవాబు వస్తే వాటిని ఉంచుతాం.

భవదీయ,
ఒక హార్మోన్ల పరిశోధకురాలు