ఇంటి వంటగది అనుమతులపై ఆహార భద్రతా అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారం. మూడు అర్జీలు పెట్టుకున్నాను. ఒక్కదానికీ జవాబు రాలేదు కనుక అందరి ఎదుటా రాస్తున్నాను.

ఇంట్లో వండి అమ్ముకోవడానికి అనుమతి అడిగితే వంటగదికి వేరే గుమ్మం, వేరే నీటి కనెక్షన్ చూపించమన్నారు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లం గోడ ఎలా పగలగొట్టగలం? అప్పు చేసి కొన్న, ప్యాకెట్లకు సీల్ వేసే మిషన్ ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. దాని వారంటీ అయిపోయింది, వాయిదాలు మాత్రం కడుతూనే ఉన్నాను.

నియమాలు వద్దనడం లేదు. తినేవారి ప్రాణంతో ముడిపడిన పని ఇది. కానీ ప్రమాదం అన్నిటికీ ఒకేలా ఉండదు. సూక్ష్మజీవులకు అందే తేమను కొలిచే వాటర్ యాక్టివిటీ 0.85 లోపు ఉన్న పొడి సరుకులో రోగకారక బ్యాక్టీరియా పెరగదు. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య గంటల తరబడి ఉంచిన తడి వంటకంలో అది వేగంగా పెరుగుతుంది. ఈ రెండింటికీ ఒకే దరఖాస్తు, ఒకే తనిఖీ ఎలా న్యాయం? అనుమతి దొరకనివారు చాటుగా అమ్ముకుంటే వారి వంటగదిని చూసేవారే ఉండరు.

పొడి సరుకులకు వేరుగా సులభ రిజిస్ట్రేషన్ ఇవ్వండి. నీటి పరీక్ష, శుభ్రతపై శిక్షణ, లేబుల్ తప్పనిసరి చేయండి, సంతోషంగా పాటిస్తాం. నా అర్జీకి 30 రోజుల్లో లిఖితపూర్వకంగా బదులివ్వండి. తిరస్కరిస్తే కారణం రాయండి.

ఇట్లు,
ఒక దరఖాస్తుదారు