పార్కుల్లో పిట్టలకీ చోటుండాలి

ఎడిటర్ గారికి,

1900 తర్వాత కనబడక, ఇంక లేదనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో మళ్ళీ దొరికింది మన కడప జిల్లాలోనే, అట్లాంటి ఊర్లో పార్కుల్లో పిట్టల్ని పట్టించుకునేవాళ్ళు లేకపోవడం చానా బాధగా ఉంది సార్. మా పార్కులో రావిపండ్లు పండితే కంసాలి పిట్ట వస్తాది, ఆకుపచ్చ ఒళ్ళు, నుదుటి మీద ఎర్రబొట్టు, టుక్ టుక్ అని సుత్తితో కొట్టినట్టే కూస్తాది, ఇది ఏడాదంతా ఇక్కడుండేదే. చలికాలంలో మధ్య ఆసియా వైపు నుంచి గులాబీ రంగు గోరింకలు కూడా గుంపులుగా దిగుతాయి, మిడతల్ని తింటాయి కాబట్టి రైతుకీ మేలే. ఇప్పుడేమో క్లీనింగ్ అని ఎండుకొమ్మలన్నీ నరికేస్తున్నారు, కంసాలి పిట్ట గూడు తొలుచుకునేదే వాటిల్లో కదా! మనుషుల మీద పడే ప్రమాదం లేని కొమ్మలైనా వదిలేయండి, ఆదివారం పొద్దున పిల్లలకి బర్డ్ వాక్ పెట్టండి, బైనాక్యులర్స్ లేకపోయినా పర్లేదు.

- ఒక పాఠకుడు, కడప