ఇందిరా పార్కులో మధ్యాహ్నం వాళ్లనూ గుర్తుపెట్టుకోండి

సంపాదకులకు నమస్కారం.

నగరంలో పార్కుల మాట వచ్చినప్పుడల్లా పత్రికల్లో ఉదయం వాకర్ల ఫొటోలే వేస్తారు. తప్పేం లేదు, నేనూ ఉదయం నడిచేదాన్నే. మాది దోమలగూడ. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఇందిరా పార్కే నాకు పెరడు. అయితే వంటపని ముగించుకుని మధ్యాహ్నం పూట వెళ్లడం మొదలుపెట్టాక, ఆ పార్కు అవసరం మాకంటే ఎక్కువగా ఉన్నవాళ్లు ఎవరో తెలిసింది.

అశోక్ నగర్, చిక్కడపల్లి, గాంధీనగర్ అంటే గ్రూప్స్ కోచింగ్ అని జిల్లాల్లో అందరికీ తెలుసు. మా మేడ మీది గది కూడా ఇద్దరు అబ్బాయిలకు అద్దెకిచ్చాం. ఏప్రిల్ వస్తే స్లాబు వేడికి అందులో కూర్చోలేరు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ కావాలంటే తెల్లవారకముందే లేచి పోవాలి. అది దొరకని రోజు పుస్తకాల సంచి తీసుకుని పార్కుకు వస్తారు. ‘‘రూంలో ఫ్యాన్ కింద కూడా చెమటలే ఆంటీ. ఇక్కడైతే చదివింది జర నెత్తికెక్కుతది’’ అన్నాడు మా అబ్బాయిల్లో ఒకడు. కానుగ చెట్టు కింద పాత పేపరు పరుచుకుని, చేత్తో గీసుకున్న మ్యాపు మీద వేలు పెట్టి మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి అని గోదావరి ఉపనదులు వల్లెవేస్తున్నాడు. మ్యాపు మీద రాలిన పూలను ఊదేసి మళ్లీ మొదటి నుంచి చదువుతున్నాడు. పరీక్ష వాయిదా పడితే ఇంటికి ఫోన్ చేసేదీ ఇక్కడి నుంచే. పక్కవాళ్లకు వినిపించకుండా దూరంగా నడుస్తూ ‘‘తిన్నా అమ్మా, మంచిగున్నా’’ అంటుంటారు. ఆ గొంతు వింటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇక పార్కు పక్కనే ధర్నా చౌక్. 2017లో అక్కడ ధర్నాలు వద్దన్నారు. హైకోర్టు జోక్యంతో 2018 చివర్లో మళ్లీ మొదలయ్యాయి. అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, ఇంకా ఎందరో రాత్రంతా బస్సుల్లో ప్రయాణం చేసి వస్తారు. ఎండలో నినాదాలిచ్చి, గొంతు పోయాక కాస్త నీడ వెతుక్కుంటారు. ఒకసారి ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చిన అంగన్‌వాడీ టీచర్ నా పక్కన కూర్చుని, డబ్బా విప్పి, జొన్న రొట్టె సగం తుంచి ‘‘తిను అక్కా’’ అని నా చేతిలో పెట్టింది. ముక్కూ మొహం తెలియని నాకు! ఆమె నన్ను అడిగింది ఒకటే, ఆడవాళ్ల బాత్రూం ఎటువైపు అని.

ఈ పార్కుకు 1975లో అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేశారు, 1978లో జనానికి తెరిచారు. 76 ఎకరాలు. ఆ తర్వాత చుట్టూ ఊరు ఎంత బిగుసుకుపోయిందో మా వీధే సాక్ష్యం. 2023లో ఇందిరా పార్కు నుంచి వీఎస్‌టీ దాకా స్టీలు వంతెన కట్టారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర ట్రాఫిక్ టెన్షన్ తగ్గిందని మావాళ్లు సంతోషించారు, నేనూ కాదనను. వంతెన కిందా నీడ ఉంటుంది. కానీ మే నెలలో అక్కడ ఐదు నిమిషాలు నిలబడి, తర్వాత పార్కులో వేపచెట్టు కిందికి రండి. తేడా ఒంటికే తెలుస్తుంది. ఆకుల్లోంచి నీరు ఆవిరవుతుంటేనే ఆ చల్లదనం. ఇనుముకు, సిమెంటుకు అది చేతకాదు.

అందుకే పార్కుల అభివృద్ధి అని ఎక్కడ విన్నా నాకు గుబులు. రంగు లైట్లు, సెల్ఫీ బొమ్మలు, ఇంకో వరస టైల్స్ వద్దు. పిచ్చిమొక్కలంటూ చెట్ల కింద పొదలన్నీ ఊడ్చేయడమూ వద్దు. ఈ పార్కులో గంధపు చెట్లున్నాయి. గంధం ఒంటరిగా బతకదు. పక్క మొక్కల వేళ్లకు తన వేళ్లు తగిలించి వాటి నుంచి కొంత ఆహారం తీసుకుంటుంది. ఇరుగుపొరుగు మొక్కల్ని పీకేస్తే దాన్ని ఎండగట్టినట్టే.

డబ్బు ఉంటే నీడలో బెంచీలు వేయండి. వాటికి దగ్గరలో మంచినీళ్లు పెట్టండి. ఆడవాళ్ల మరుగుదొడ్లు ధర్నాల రోజుల్లోనూ రోజంతా శుభ్రంగా ఉండేలా మనుషులను పెట్టండి, దారి తెలిసేలా పెద్ద అక్షరాలతో బోర్డులు రాయించండి. ప్రవేశ రుసుము పెంచకండి. పూటకూళ్ల మెస్‌లో ఒక పూట మానేసి చదువుకునే పిల్లలకు ఐదు రూపాయలూ లెక్కే.

వాకర్ల సంఘాల పెద్దలకూ ఒక మనవి. అధికారులను కలిసినప్పుడు మన ట్రాక్ గురించే కాక వీళ్ల గురించి కూడా చెప్పండి. ఆ పిల్లలు రెండేళ్లుండి వెళ్లిపోతారు, ధర్నాకు వచ్చినవాళ్లు సాయంత్రం బస్సెక్కుతారు. వాళ్లకు ఇక్కడ ఓటు లేదు, సంఘం లేదు. అడగాల్సింది మనమే.

– ఒక గృహిణి, దోమలగూడ, హైదరాబాద్