ఆయమ్మకి, ఆ రాత్రి తోడున్న అందరికీ కృతజ్ఞతలు

చాలామంది ఫోన్లు చేస్తున్నారు, మెసేజ్‌లు పెడుతున్నారు. మాట్లాడే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఎనిమిదో నెల నిండాక మా పాప కడుపులోనే చనిపోయింది. బీపీ పెరిగి, మాయ ముందే విడిపోయిందన్నారు డాక్టర్లు. కడుపు రాయిలా బిగుసుకుపోయి, రక్తం పోతూ నేను ఆసుపత్రికి చేరేసరికే పాప గుండె చప్పుడు లేదు.

అమ్మానాన్న, మా ఆయన, అత్తయ్య వెంటే ఉన్నారు. వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది కాన్పుల గదిలో నైట్ డ్యూటీలో ఉన్న ఆయమ్మ గురించి. పాపని నాకు చూపించొద్దని, తట్టుకోలేనని మావాళ్లు అన్నారు. నా మంచికే అనుకున్నారు. ఆవిడ మాత్రం నా పక్కకొచ్చి, "చూస్తావా తల్లీ? చూస్తానంటే తెస్తా. రేపు అడిగితే నేను తేలేను" అంది. ఆ మాట నన్ను అడిగింది ఆవిడొక్కతే. గోరువెచ్చటి నీళ్లతో తుడిచి, అమ్మ తెచ్చిన పాత నూలుచీర ముక్కలో చుట్టి, మెడ కింద చెయ్యి ఎలా పెట్టాలో చూపించి మరీ నా చేతుల్లో పెట్టింది. చెవుల మీద సన్నటి నూగు. ముక్కు అచ్చం మా ఆయనదే. నేను ఏడ్చినంతసేపూ తెర లాగి అడ్డంగా నిలబడింది. మా ఆయన డబ్బులివ్వబోతే, "ఇలాంటప్పుడు తీసుకుంటే నాకు అన్నం సయించదయ్యా" అంది. తర్వాత పాలు పడి నొప్పితో అల్లాడుతుంటే, ఆగడానికి మాత్ర ఉంటుంది, నర్సుని అడగమని చెప్పింది కూడా ఆవిడే. పేరైనా అడగలేకపోయాను.

ఒక మాట అనకుండా ఉండలేను. నెలనెలా చూపించుకున్న చోట తలనొప్పి, మొహం వాపు అని చెబితే "ఈ నెలల్లో మామూలే" అని పంపేశారు. బీపీ కూడా చూడలేదు. కాన్పయ్యాక ఇక్కడ నన్ను పడుకోబెట్టింది బాలింతల వార్డులో, పసిపిల్లల ఏడుపుల మధ్య. బిడ్డని పోగొట్టుకున్న తల్లికి వేరే మూల ఒక మంచం వెయ్యలేరా? కడుపుతో ఉన్నవాళ్లు దయచేసి వినండి: తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకబారినా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లారేదాకా ఆగొద్దు.

ఆఫీసులో దీన్ని అబార్షన్ కింద రాసి 6 వారాలే సెలవన్నారు. చట్టంలో బిడ్డంటే మృతశిశువు కూడా అని, పూర్తి 26 వారాలు రావాలని మా టీమ్‌లో అమ్మాయి చదివి చూపించాకే ఒప్పుకున్నారు. థాంక్స్ రా.

అయ్యో, అర్ధరాత్రి వచ్చి రక్తమిచ్చిన కుర్రాళ్లని మర్చిపోయాను. 108 డ్రైవరు అన్నకి కూడా. పక్క మంచం పెద్దావిడకి, మనవడు ఏడ్చినప్పుడల్లా వరండాలోకి ఎత్తుకెళ్లినందుకు. కింద వాటా ఆంటీ, మీ ఫ్లాస్కు మా దగ్గరే ఉంది, పంపిస్తాను.