ఆల్ఫా సెంటారీ మనకు కనిపిస్తుంది

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం కాదు, ఆ ముందు ఆదివారం మీ పిల్లల పేజీలో ఆల్ఫా సెంటారీ జంట నక్షత్రం మీద వేసిన వ్యాసం గురించి రాస్తున్నాను. సవరణ మీరే వేస్తారేమోనని ఇన్ని రోజులు చూశాను. వేయలేదు.

తప్పులు చాలా ఉన్నాయి కానీ నన్ను బాగా బాధపెట్టింది ఆఖరి వాక్యం. ఈ నక్షత్రం మన దేశం నుంచి కనిపించదని రాశారు. ఎవరిని అడిగి రాశారండీ? ముప్పై ఏళ్లుగా ప్రతి వేసవిలో చూస్తున్నాను, నా దగ్గర చదివిన పిల్లలకు చూపించాను. మే నెలాఖరులో రాత్రి పదింటికి కొత్తపట్నం బీచ్‌లో నిలబడి దక్షిణానికి తిరగండి. చేయి చాచి పిడికిలి పట్టుకుంటే, నేలకు పిడికిలిన్నర ఎత్తులో రెండు పెద్ద నక్షత్రాలు పక్కపక్కన ఉంటాయి. ఎడమవైపుది ఆల్ఫా సెంటారీ. కుడివైపుకి ఇంకొంచెం జరిగితే త్రిశంకు అనే నక్షత్రాల గుంపు. హైదరాబాద్‌లో ఇంకాస్త కిందకు ఉంటుంది, అంతే. రాత్రి ఆకాశంలో సిరియస్, అగస్త్య నక్షత్రాల తర్వాత కాంతిలో మూడో స్థానం దీనిదే. ఇంత పెద్ద వెలుగును లేదని పిల్లలకు చెబితే వాళ్లు తల ఎత్తి చూడనే చూడరు.

ఇంకో సంగతి. కంటికి ఒక్కటిగా కనిపించే ఆల్ఫా సెంటారీ నిజానికి రెండు నక్షత్రాలని మొదట తెలిసింది మన పక్కనున్న పుదుచ్చేరిలోనే. 1689 డిసెంబరులో ఫాదర్ రిషో అనే ఫ్రెంచి జెసూట్ మతగురువు అక్కడ తోకచుక్కను చూస్తూ టెలిస్కోప్‌ను ఇటు తిప్పితే రెండుగా కనిపించింది. వ్యాసంలో దీని గురించి ఒక్క ముక్క లేదు.

'ఒకేలాంటి కవలలు' అన్నది కూడా సరికాదు. పెద్దది సూర్యుడి కంటే పదో వంతు బరువెక్కువ, ఒకటిన్నర రెట్లు కాంతి ఇస్తుంది. చిన్నది సూర్యుడి కంటే తేలిక, కాస్త చల్లన, కాంతి సగమే. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి 80 ఏళ్లు పడుతుంది. కక్ష్య బాగా సాగి ఉండటంతో వాటి మధ్య దూరం ఎప్పుడూ ఒకేలా ఉండదు. దగ్గరికొచ్చినప్పుడు మన సూర్యుడికీ శనికీ ఉన్నంత దూరం కంటే కాస్త ఎక్కువ. దూరమైనప్పుడు నెప్ట్యూన్‌ను కూడా దాటిపోతుంది. 1955లో బాగా దగ్గరికొచ్చాయి, మళ్లీ 2035లో వస్తాయి. ఇప్పుడు ఏడో క్లాసు చదివే పిల్లలు అప్పటికి ఉద్యోగాల్లో ఉంటారు. ఇలాంటివి చెబితే వాళ్లకు గుర్తుంటాయి.

సూర్యుడికి అన్నిటికంటే దగ్గరి నక్షత్రం ఈ జంట కూడా కాదు, వీటితోనే ఉన్న ప్రాక్సిమా అనే చిన్న ఎర్ర నక్షత్రం. దాని దూరం 4.24 కాంతి సంవత్సరాలు, జంట దూరం 4.37. అన్నిటికంటే ఘోరం, 'అక్కడికి చేరడానికి నాలుగేళ్లు పడుతుంది' అనడం. నాలుగేళ్లు పట్టేది కాంతికి. కాంతి సంవత్సరం అంటే దూరం, కాలం కాదు. పదో తరగతి పిల్లవాడు ఇలా రాస్తే మార్కు తీసేసేవాణ్ణి. సెకనుకు 17 కిలోమీటర్లు పోయే వాయేజర్ లాంటి అంతరిక్ష నౌకకైతే సుమారు 75 వేల ఏళ్లు పడుతుంది.

పత్రికలనే అనడం న్యాయం కాదు, ఒప్పుకుంటాను. నేను పనిచేసిన ఒక హైస్కూల్లో గ్రాంటుతో కొన్న టెలిస్కోప్‌కు బీరువాలో పెట్టి తాళం వేశారు. పగిలితే ఎవరు కట్టాలని హెడ్మాస్టరు గారికి టెన్షన్. నేను రిటైరయ్యే వరకు అది నాలుగు సార్లు కూడా బయటకు రాలేదు. మా వీధి హైమాస్ట్ లైట్ల వెలుగు పైకి పోకుండా మూతలు పెట్టమని రెండు సార్లు అర్జీ ఇస్తే, లైట్లు ఎక్కువైతే మంచిదే కదా మాస్టారూ అన్నారు. ఇక రాశిఫలాలకు మాత్రం ఏ పేపర్లోనైనా రోజూ చోటుంటుంది. సైన్స్‌కు వారానికి అర పేజీ ఇస్తున్నారు, ఆ అర పేజీనైనా సైన్స్ చదివిన మనిషితో ఒకసారి చూపించి అచ్చు వేయలేరా?

సవరణను అదే పిల్లల పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. జూన్ రెండో వారం దాటకుండా వేస్తే మేలు. ఆ తర్వాత మబ్బులు పట్టేస్తాయి, పిల్లలు మళ్లీ వచ్చే వేసవి దాకా ఆగాలి.

– ఒక రిటైర్డ్ ఫిజికల్ సైన్స్ టీచర్, ప్రకాశం జిల్లా